ముందు లెక్కపెట్టమన్న మనిషి

మా డాక్టరు క్లినిక్కుంది, ఇక్కడ జీపీ సర్జరీ అంటారు. దాని కారు పార్కు అంచున నడుమెత్తు పైన్ మొక్కలు నాలుగున్నాయి. ఈ జూన్‌లో మనవరాలికి చెవిపోటంటే అక్కడికి తీసుకెళ్లాను. చూపించుకుని బయటికొచ్చేసరికి ఒక అమ్మాయి, పుష్‌చెయిర్‌లో పసివాడితో, ఆ మొక్కల ముందు బిగుసుకుపోయి నిలబడి ఉంది. మన తెలుగు పిల్లే. ఫోనులో ఎవరితోనో, "గుత్తులు గుత్తులుగా ఉన్నాయే, చూస్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది" అంటోంది. నన్ను చూడగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆంటీ, ఇటు రాకండి! గొంగళిపురుగులు. గాలి సోకితేనే దద్దుర్లొస్తాయంట."

నేను వెళ్లాను. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒక రెమ్మ వంచి, గుత్తిలోంచి ఒక్క పురుగును ఎంచుకుని దాని పొట్ట కింది బొడిపెలు లెక్కపెట్టాను. తొందరపడకుండా, రెండుసార్లు.

"ఎనిమిది జతలు. ఇవి గొంగళ్లు కావమ్మా. వీటివల్ల ఒంటికేమీ కాదు, నిక్షేపంగా వెళ్లు."

"మీకెలా తెలుసాంటీ?"

"ఒకాయన నేర్పాడు."

ఆ ఒకాయన పోయిన ఫిబ్రవరిలో కాలం చేశాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పెట్టి పిలిచే మొహం నాకు లేదు.

ఎయిర్‌పోర్టు పక్కనున్న ఈ హౌన్స్‌లోలో మా పక్కిల్లు ఆయనది. మా వీధి పిల్లలకి పురుగుల అంకుల్, నాకు అన్నయ్యగారు. ఆయనది కడప వైపు, మాది తెనాలి దగ్గర. నా భర్త హోటల్లో వంటమాస్టరుగా ఈ దేశం వస్తే ఆయన వెనకాలే నేనూ వచ్చాను. మా ఆయన పోయాక కూతురూ అల్లుడూ దగ్గరుంచుకున్నారు. వాళ్లిద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలకి పోతే పిల్లదాన్ని చూసుకోవడం నా పని.

విమానాలు మా ఇళ్ల కప్పుల మీదుగానే దిగుతాయి. ఆ చప్పుడు పోయేదాకా మాట ఆపి, పోయాక ఆపినచోటే అందుకోవడం ఈ చుట్టుపక్కల అందరికీ అలవాటు. కానీ అన్నయ్యగారు ఆపినట్టు ఎవరూ ఆపరు. ఒక వేలు పైకెత్తి, కళ్లు మూసుకుని, విమానం చక్రాలు నేలకి తగిలాయని ఆయనకి నమ్మకం కుదిరేదాకా ఆగేవాడు. అప్పుడు కళ్లు తెరిచి, సగంలో వదిలేసిన మాటని ఏ అక్షరం దగ్గర వదిలాడో అక్కడే పట్టుకునేవాడు.

ఇరవై రెండేళ్లు ఎయిర్‌పోర్టు కార్గోలో చేశాడు. దేశదేశాల నుంచి వచ్చే పూలు, పళ్లు, ఆకుకూరల పెట్టెలు విప్పి, తెల్ల ట్రే మీద దులిపి, మళ్లీ సర్దిపెట్టడం ఆయన పని. పురుగుందో లేదో తేల్చే ఆఫీసర్లు వేరే ఉంటారు. అయినా అన్నేళ్లు దులిపీ దులిపీ, "ఇదేంటో ఓసారి చూడు" అని ఆఫీసర్లే ఈయన్ని పిలిచేవాళ్లట. రిటైరయ్యాక కూడా ఆ పచ్చగా మెరిసే జాకెట్ వదల్లేదు. తోటపనికి అదే. మెడలో బూటు లేసుకి కట్టిన చిన్న భూతద్దం ఒకటి వేలాడుతుండేది. స్నానానికి తప్ప తీసేవాడు కాదు.

మా వీధి ఆడవాళ్లకి ఆయన మీద ఒక పాత కోపం ఉండేది. ఊరినుంచి వచ్చేవాళ్లు సూట్‌కేసుల్లో తెచ్చే కరివేపాకు, మామిడికాయలు ఎయిర్‌పోర్టులో లాగేసుకుంటారు కదా, అదంతా ఈయన పనే అని.

"ఏం అంకుల్, నా మామిడికాయలు ఎంత తియ్యగా ఉన్నాయి?" అని ఎత్తిపొడిచేది మా ఎదురింటావిడ.

"నేను తినలేదు మ్మా, దులిపినా అంతే. తగలబెట్టినోడు వేరే."

"దులిపినోడికీ పాపమే!"

"అవు మ్మా, సగం నాకే. పోయినాక ఆడ దేవుని పెట్టెలు గూడా విప్పి సర్దమంటారేమో."

నవ్వేవాడు కాదు. ఆవిడే నవ్వేది.

ఆ ఉద్యోగం గురించి ఒక్క మాట మాత్రం తరచూ అనేవాడు. "పురుగుండేది పెట్టె లోపల మ్మా. కానీ నాకు పెట్టె మూసిన తీరులోనే తెలిసిపోతాది. ఏమీ లేని పెట్టెకు టేపు ఒక చుట్టు వేసింటారు. ఏదో ఉండే పెట్టెకు మూడు చుట్లు." ఈ మాట విన్నప్పుడల్లా నేను మురిసిపోయేదాన్ని. నాకే వచ్చి తగులుతుందని అప్పుడు తెలీదు.

మా పెరటికీ ఆయన పెరటికీ మధ్య ఫెన్స్‌లో ఒక పలక గాలివానకి పడిపోయింది. ఎవరం బాగు చేయించలేదు. అదే మా ఇద్దరిళ్లకీ దారి. మట్టి తవ్వే తోట గరిటెతో పక్క పలక మీద మూడుసార్లు కొట్టి, "చెల్లెమ్మా, కప్పు తెచ్చుకున్నా" అనేవాడు. తన టీకప్పు తనే తెచ్చుకునేవాడు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు కానీ, క్యాలీఫ్లవర్ వేపుడు వడ్డిస్తే ఒక పువ్వు తీసి వెలుతురుకి పట్టి తిప్పి చూసేవాడు.

"ఉప్పునీళ్లలో వేసే వండానండీ" అనేదాన్ని మూతి ముడుచుకుని.

"వేసింటావని తెలుసు మ్మా. చెయ్యి ఊరుకోదు, అంతే."

ఆయన పెరట్లో, సరిగ్గా మా ఫెన్స్ వారన, రెండు పైన్ చెట్లుండేవి. కొన్నవి కావు. ఒక జనవరిలో, పండగైపోయాక ఎవరో కుండీలతో సహా పేవ్‌మెంట్ మీద పారేసిన క్రిస్మస్ చెట్లు. డ్యూటీ దిగి వస్తూ చూశాడట. అప్పటికి మోకాలెత్తు. ఒకదాని కొమ్మకి వెండిరంగు కాగితపు నక్షత్రం ఇంకా వేలాడుతోందట. చెరో చేత్తో పట్టుకుని బస్సెక్కాడు. "డ్రైవరు రెండు టికెట్లు అడుగుతాడేమో అనుకున్నా" అనేవాడు. నేను చూసేనాటికి అవి ఇంటి కప్పు దాటాయి. మా పెరట్లో ఎండకాలం నీడ అంటే ఆ రెండు చెట్లదే. పిల్లది వాటి కిందే ఆడి పెరిగింది.

నాలుగేళ్ల కిందట, మే నెల ఆఖర్లో, గరిటె చప్పుడయింది. "చెల్లెమ్మా, పాపను తోలుకోని రా. చుట్టాలొచ్చినారు."

వెళ్లి చూద్దును కదా, కింది కొమ్మల నిండా పురుగులు. బూడిద కలిసిన ఆకుపచ్చ ఒళ్లు, నల్లటి తల. ఒక్కో రెమ్మకీ ముప్పై, నలభై చుట్టుకుని సూదుల్లాంటి ఆకుల్ని కొరుకుతున్నాయి. నేను నాలుగడుగులు వెనక్కి దూకాను.

"అయ్యబాబోయ్, గొంగళ్లు! మందు కొట్టండి అన్నయ్యగారూ!"

మా ఊళ్లో మిరపతోటల వాళ్లం. పురుగు కనబడితే పంపు వీపున తగిలించుకోవడమే తెలుసు.

"ముందు లెక్కపెట్టు మ్మా. తర్వాత భయపడుదువు."

అది ఆయన మాట. పాము కలలోకి వచ్చిందన్నా అదే మాట అనే మనిషి.

"నేను అయిదో తరగతి చదివినదాన్ని, నాకెందుకండీ ఇవన్నీ" అన్నాను.

"అంకెలొచ్చు గదా. పురుగుల సంగతికి అంకెలు చాలు." మెడలోంచి భూతద్దం తీసి నా చేతిలో పెట్టాడు. "ముందర సూదుల మాదిరి మూడు జతల కాళ్లుండాయే, అవి ఇడిసిపెట్టు. ఆ ఎనక పొట్టకింద మెత్తగా బొడిపెలుండాయి చూడు, అవీ కాళ్లే. అవి లెక్కపెట్టు. అయిదు జతలో, అంతకు తక్కువో ఉంటే గొంగళి. ఆరుగానీ పైనగానీ ఉంటే గొంగళి కాదు."

లెక్కపెట్టాను. తప్పాను. మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిది.

"చూస్తివా? ఇది కందిరీగకు చుట్టం. దీని తల్లికి తోకకాడ రంపం ఉంటాది. పోయినేడు చలికి ముందర ఆకును ఆ రంపంతో చీల్చి గుడ్లు పెట్టి పోయింది. రంపపు ఈగ అనుకో. ఇంగ్లీషోళ్లు సాఫ్లై అంటారు. గొంగళిమందు దీనికి పని చెయ్యదు. వెంట్రుకల్లేవు, కాబట్టి దురదా లేదు. పార్కులో ఓక్ చెట్ల మీద బారులు తీరి పోతాయే వెంట్రుకల పురుగులు, వాటితో జాగ్రత్త. ఇవి పాపం, తినడం తప్ప ఏమీ తెలీనివి."

"చెట్టు చచ్చిపోదూ?"

"పాతాకే తింటాయి. కొసన కొవ్వొత్తుల మాదిరి కొత్త చిగురుండాదే, దాని జోలికి పోవు. ఆగస్టుకు మళ్లా పచ్చగైతాది."

ఆ తర్వాత పిల్లదానికి ఆట చూపించాడు. గుత్తి దగ్గర టపీమని చప్పట్లు కొట్టాడు. అంతే, ఆ నలభై పురుగులూ ఒక్కసారిగా తలలెత్తి ఒళ్లు విదిలించాయి. పిల్లది కేరింతలు. "దే ఆర్ డాన్సింగ్, అమ్మమ్మా!" అప్పుడు దానికి ఆరేళ్లు. ఆ వారమంతా స్కూలునుంచి రావడం, బూట్లు విప్పకుండానే ఫెన్స్ సందులోంచి దూరడం, చప్పట్లు కొట్టడం. ఆయన పక్కన నిలబడి, "మెల్లగ మ్మా, వాటికి అన్నం తినేటప్పుడు డాన్సంటే కష్టం" అనేవాడు.

ఇక నా సంగతి చెప్పాలి.

ఆ రోజుల్లోనే అల్లుడి తల్లి వీడియోకాల్‌లో పిల్లదాన్ని చూసి, "ఎండే లేని దేశంలో ఉండి పిల్ల రంగు తగ్గిందేంటి వదినగారూ?" అంది. నాకు చురుక్కుమంది. నేను పెంచుతున్న పిల్ల కదా. సున్నిపిండితో నలుగు పెడితే సరి అనుకున్నాను. పెసలు, కచ్చూరాలు నా దగ్గరున్నాయి. ఎదురింటావిడ ఊరినుంచి వస్తూ బావంచాల గింజలు తెచ్చింది. రంగు తేలడానికి మా అమ్మ వాళ్లు అవే వేసేవాళ్లు. చిటికెడు వేయాల్సిన చోట గుప్పెడు వేశాను. పట్టించి, ఒక డబ్బాకి ఎత్తి, స్నానాలగదిలో తువ్వాళ్ల వెనక పెట్టాను.

ఎందుకు వెనక పెట్టానంటే, నా పొడులూ కషాయాలూ పిల్లకి వాడొద్దని అమ్మాయి అప్పటికే చెప్పి ఉంది. అంతకు ముందు చలికాలం పిల్ల చెవిలో వెచ్చటి నూనె చుక్క వేస్తే పెద్ద రభస అయింది. "ఇంకొక్కసారి ఇలా జరిగితే పాపని చైల్డ్‌మైండర్ దగ్గర పెడతాం అమ్మా, నీకు చెప్పడమైపోయింది" అంది. అల్లుడు ఆ మర్నాడు ఫోనులో, జీతానికి పిల్లల్ని చూసే చైల్డ్‌మైండర్ల కోసం వెతకడం చూశాను.

శనివారం వాళ్లిద్దరూ షాపింగ్‌కి వెళ్లినప్పుడు పిల్లకి చేతులకి, మెడకి బాగా రుద్ది స్నానం చేయించాను. మధ్యాహ్నమంతా ఎండలో, చేతుల్లేని గౌనుతో, పురుగుల దగ్గర ఆడింది. ఆదివారం సాయంత్రానికి ఎర్రబడింది. సోమవారం పొద్దున చూస్తే రెండు చేతులూ, మెడా దద్దుర్లు తేలి, ఒకటి రెండు చోట్ల నీటిపొక్కులు. పిల్లది ఏడుపు. అమ్మాయి దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఎక్కడ ఆడావు నాన్నా?"

"విత్ ద వర్మ్స్."

అంతే. పార్కు గేటు దగ్గర వెంట్రుకల పురుగుల బొమ్మతో మునిసిపల్ కౌన్సిల్ వాళ్లు పెట్టిన నోటీసు అందరం చూసినవాళ్లమే. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సందులోంచి దూరి ఆయన పెరట్లో నిలబడి అరిచాను. ఎదురింటావిడ, ఇంకో ఇద్దరు చప్పుడుకి వచ్చారు.

"మీ పురుగుల పిచ్చికి నా మనవరాలి ఒళ్లు చూడండి! పెద్దమనిషని పిల్లని పంపితే ఇదా?"

ఆయన ఒక రెమ్మ విరిచి, ఆ గుత్తినంతా తన ముంజేతి లోపలి వైపు, మెత్తటి చోట దులుపుకున్నాడు. పురుగులు చేతిమీద పాకుతుంటే అలాగే నిలబడ్డాడు. ఒక విమానం పోయింది. ఇంకొకటి పోయింది. చెయ్యి చూపించాడు. ఏమీ లేదు.

"పెద్దవాళ్ల తోలు వేరు, చంటిదాని తోలు వేరు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. మా అల్లుడు నెమ్మదిగా, "అంకుల్, ఏమీ అనుకోకండి, పాప విషయం కాబట్టి కౌన్సిల్‌కి రాయాల్సి వస్తుంది" అన్నాడు.

"కౌన్సిల్ ఎందుకు నాయనా. రెండు దినాలు ఆగు."

మంగళవారం సర్జరీకి వెళ్లాం. డాక్టరమ్మ చాలాసేపు చూసి, ఒంటికి కొత్తగా ఏదైనా రాశారా, సబ్బు మార్చారా, పొడి ఏదైనా వాడారా అని అడిగింది. అమ్మాయి నిక్కచ్చిగా, "లేదు డాక్టర్, ఏమీ లేదు" అంది. నేను పక్కనే ఉన్నాను. ఇంగ్లీషు నాకు ఆమాత్రం అర్థమవుతుంది. అప్పటికి నాకు నిజంగా అనుమానం లేదు. లేదనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాను.

బుధవారం బట్టలారేస్తుంటే నా కుడి మణికట్టు మండింది. చూస్తే అచ్చం పిల్లకి వచ్చినట్టే, ఎర్రగా. రుద్దిన చెయ్యి అది. మా అక్కకి ఫోన్ చేశాను.

"బావంచాలా? ఎన్ని వేశావే?"

"గుప్పెడు."

"గుప్పెడా! నీకేమైనా మతి పోయిందా? అవి రుద్దుకుని ఎండలోకి వెళ్తే ఒళ్లు పొక్కిపోతుందే. మా పెద్దబ్బాయి కూతురికి అలాగే కాలేదూ, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. నేను ఏదీ మర్చిపోను. ఎవరి పెళ్లిలో ఏం వడ్డించారో చెప్పగలను. ఆ ఒక్కటీ గుర్తు చేసుకోలేదంతే. డబ్బా తీసి పొడంతా సింకులో పోసి నీళ్లు వదిలాను. డబ్బా తోమి ఎండబెట్టాను. జూన్ నెల ఎండలో చేతుల నిండా ఉన్ని కార్డిగన్ వేసుకున్నాను.

గురువారం గరిటె చప్పుడయింది. మూడుసార్లు. కప్పు తేలేదు ఆయన. సందులో అటువైపు నిలబడి, లోపలికి రాకుండా, "పాపకు ఎట్లుండాది?" అన్నాడు.

"తగ్గుముఖం పట్టిందండీ."

"మంచిది." పలక మీద చెయ్యి ఆనించాడు. "చెల్లెమ్మా, ఒకటడుగుతా, తప్పుగా అనుకోవాకు. పాప ఒంటికి ఏమన్నా కొత్తది పూ..."

విమానం వచ్చింది. వేలెత్తి, కళ్లు మూసుకున్నాడు. ఆయన ఏం అడగబోతున్నాడో నాకు తెలిసిపోయింది. చెప్పడానికి నాకు ఒక విమానం దిగేంత సమయం ఉంది. ఆ ముసలాయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ముంజేతిమీద ఏ మచ్చా లేదు. వెనక ఆ రెండు చెట్లు. నేను చైల్డ్‌మైండర్ గురించి ఆలోచించాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పిల్ల లేని ఇంట్లో నేనొక్కదాన్నీ ఏం చేస్తాను అని ఆలోచించాను. చప్పుడు ఆగింది. ఆయన కళ్లు తెరిచాడు.

"...సినావా?"

"లేదన్నయ్యగారూ. ఏమీ పూయలేదు. ఒట్టు. ఏమీ లేదు."

నా మొహంకేసి చూశాడు. తర్వాత నా కార్డిగన్ చేతులకేసి చూశాడు. మూడు చుట్ల టేపు గుర్తొచ్చి కార్డిగన్ చేతులు ఇంకాస్త కిందికి లాక్కున్నాను.

"సరే మ్మా" అన్నాడు. "పాపకంటే చెట్టు ఎక్కువ గాదు. కొట్టిస్తా."

ఆ మాటకైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

చెట్లు కొట్టేవాళ్లు వచ్చి చూసి వెళ్లాక తెలిసింది, ఒక చెట్టు చిటారున పావురం గూడు ఉందని. పిల్లలు ఎగిరిపోయేదాకా ముట్టుకోకూడదని ఆయన రెండు వారాలు ఆపించాడు. ఆ రెండు వారాలూ రోజూ పొద్దున్నే నిచ్చెన వేసుకుని, బకెట్లో సబ్బునీళ్లు పెట్టుకుని, ఆ పురుగుల్ని ఒక్కొక్క గుత్తీ దులిపి ఏరాడు. మా పిల్ల భయం లేకుండా పెరట్లో ఆడుకోవాలని. ఆ రెండు వారాలూ తిరిగేసరికి చెట్టు మీద పురుగు లేదు, పిల్ల ఒంటిమీద దద్దురు లేదు.

"చూశావా అమ్మా, పురుగులు పోయాయి, దద్దుర్లు పోయాయి" అంది అమ్మాయి.

"వచ్చే ఏడు మళ్లీ వస్తాయి కదా, కొట్టించడమే మంచిది" అన్నాడు అల్లుడు.

నేను పప్పులో తాలింపు వేస్తున్నాను. కలిపి, మూత పెట్టాను.

పధ్నాలుగు రోజులు. పొద్దున లేవగానే వంటింటి కిటికీలోంచి మొదట నిచ్చెన కనిపించేది. ఈ రోజు చెప్తాను అనుకునేదాన్ని. టీ కలిపి పట్టుకెళ్లి సందు దాకా వెళ్లి, "అన్నయ్యగారూ, టీ" అని గట్టు మీద పెట్టి వచ్చేసేదాన్ని. ఒకరోజు నిచ్చెన మీంచే, "చూడు మ్మా, కొవ్వొత్తులు ఎంత బాగా ఎదుగుతుండాయో" అన్నాడు. కొట్టేయబోయే చెట్టు చిగురు నాకు చూపించాడు.

కొట్టే రోజున ఆ పచ్చ జాకెట్ వేసుకుని చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. రంపం చప్పుడులో విమానాలు కూడా వినబడలేదు. మా పిల్ల మేడమీది కిటికీ దగ్గర నిలబడి చూసింది. "ఈజ్ ఇట్ బికాజ్ ఆఫ్ మీ?" అని అడిగింది. "అవును తల్లీ, నీ కోసమే" అంది వాళ్లమ్మ దగ్గరికి తీసుకుంటూ. నేను వెనక మంచం మీద దుప్పటి మడతపెడుతున్నాను. అంతా అయ్యాక ఆయన మొదలు దగ్గర వంగి, భూతద్దం పెట్టి, వలయాలు లెక్కపెట్టాడు. రెండో చెట్టు దగ్గరా లెక్కపెట్టాడు. చెట్లు కొట్టేవాళ్లు మర్యాదగా యంత్రం ఆపుకుని ఆగారు.

ఆ నెలలోనే అల్లుడు ఫెన్స్‌కి కొత్త పలక వేయించాడు. అన్నయ్యగారు ఆ తర్వాత కూడా వీధిలో ఎదురైతే, "బాగుండావా చెల్లెమ్మా" అనేవాడు. ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి, నాలుగు తిట్టి ఉంటే నాకు ఇంత బరువుండేది కాదు. ఆయన పోయాక లీసెస్టర్‌లో ఉండే మేనకోడలు ఇల్లు సర్దడానికి వచ్చి, బూటు లేసుతో సహా ఆ భూతద్దం తెచ్చిచ్చింది. "పక్కింటి పాపకిమ్మన్నాడు మామయ్య." మా పిల్ల దాన్ని మెడలో వేసుకోలేదు. సొరుగులో పెట్టి మూసేసింది. ఇష్టం లేదేమో అనుకున్నాను.

ఇప్పుడు దానికి పదేళ్లు. సర్జరీ కారు పార్కులో, ఆ పుష్‌చెయిర్ అమ్మాయి వెళ్లిపోయాక, నా పక్కన నిలబడి మెల్లగా అంది. అది అన్నీ ఇంగ్లీషులోనే అంటుంది, నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

"ఒంటికేమీ కాదని ఎందుకు చెప్పావు? ఇవి అవే కదా. నాకు దద్దుర్లు తెప్పించినవి."

నేను రెమ్మ వదిలేశాను.

"నాకు ఒళ్లు బాలేనందుకే కదా అంకుల్ చెట్లు కొట్టేసుకున్నాడు. అందుకే నేను ఆయనింటికి వెళ్లేదాన్ని కాదు. ఆయన నన్ను చూస్తే చెట్లు గుర్తొస్తాయని."

ఆరేళ్ల పిల్ల పదేళ్లదయ్యేదాకా ఈ మాట లోపల పెట్టుకుని తిరిగింది. నేను రోజూ జడ వేసిన తల అది.

అక్కడే, కార్లు వస్తూ పోతూ ఉండగా, చెప్పేశాను. సున్నిపిండి, బావంచాలు, డబ్బా, విమానం, అన్నీ. నా తెలుగులో అది ఎంత పట్టుకుందో తెలీదు. చివరికి ఒక్కటే అడిగింది.

"అంటే నా వల్ల కాదా?"

"కాదమ్మా."

"నా వల్ల కాదా అమ్మమ్మా?"

"కాదు తల్లీ. నా వల్ల."

"అయితే ఆయన బతికుండగా చెప్పాల్సింది" అంది. రోడ్డు దాటేటప్పుడు ఎప్పుడూ నా చెయ్యి పట్టుకుంటుంది. ఆ రోజు నాలుగడుగులు ముందు నడిచింది. ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "మమ్మీకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అంది.

నేనే చెప్పాను. అమ్మాయి ఆఫీసునుంచి వచ్చి బూట్లు విప్పుతుండగా. అది మెట్టు మీద అలాగే కూర్చుండిపోయింది. విప్పిన బూటు చేతిలోనే పట్టుకుని, "డాక్టర్ అడిగితే ఏమీ లేదని నేనే చెప్పాను కదమ్మా, నీ పక్కనే కూర్చుని" అంది. "ఆయన మొహం మీద తలుపేసినట్టు పలక కూడా మేమే వేయించాం." తిట్టలేదు. చైల్డ్‌మైండర్ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తాల్సిన అవసరం ఏముంది, పిల్ల పెద్దదైపోయింది. నేను నిజం దాచింది ఏ పిల్ల కోసమో అది ఎలాగూ ఎదిగి నా చేతిలోంచి వెళ్లిపోయేదే.

వంటింట్లో కూర్చున్నాను. సొరుగు తెరిచిన చప్పుడయింది. పిల్లది భూతద్దం మెడలో వేసుకుని వచ్చింది. లేసు పొడవై అద్దం దాని నడుము దాకా వేలాడుతోంది. నా కుడి చెయ్యి తీసుకుని బల్లమీద వెల్లకిలా పెట్టి, గాజులు పైకి తోసింది. మణికట్టు దగ్గర కాకరగింజంత గోధుమరంగు మచ్చ ఇంకా ఉంది. ఎన్ని రాసినా పోలేదు.

"ఇదేనా?"

"ఇదే."

అద్దం దగ్గరగా పెట్టి వంగింది. పైన విమానం పోతోంది. అది పోయేదాకా కదలకుండా, ఆయనలాగే, తొందరపడకుండా చూసింది.